సీతమ్మ రైక

"నువ్వు దించుతవా, నన్ను దించుమంటవా?"

బాలరాజ్ అలా అడగడం పొద్దున్నించి ఇది మూడోసారి. సునంద గోడకు వేలాడుతున్నదానికీ భర్తకూ నడుమ నిలబడింది.

దాన్ని ఏమని పిలవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్త సంగమ్మ 'బొమ్మ' అంటుంది. బాలరాజ్ 'అది' అంటాడు. ఏడడుగుల ఎత్తున, ముందు గది గోడనంతా ఆక్రమించి వేలాడుతున్న ఆట వేషం అది. లోపల మనిషి లేని వేషం. కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా విచ్చుకున్న పావడా మొత్తం రేడియం పట్టీలతో కుట్టింది సునంద. పటాన్‌చెరులో తను పనిచేసే కుట్టు యూనిట్లో, ఫ్యాక్టరీ కార్మికుల జాకెట్లకు వేయగా మిగిలిన వెండిరంగు ముక్కలవి. నడుమ నడుమ పగిలిన బీరువా అద్దాలు, మోటారు సైకిళ్ల సైడు అద్దాలు. పైన, ఎద ఉండాల్సిన చోట, ఒక పాత ఎర్ర రైక. దాని నిండా వేలిగోరంత అద్దపు బిళ్ళలు, చమ్కీలు. ఎడమ భుజం నుంచి నడుము దాకా బట్ట కాలిపోయి, అంచు నల్లగా ముడుచుకుపోయి ఉంది. ఆ కాలిన అంచును సునంద దాచలేదు. దాని వెంట సన్నటి వెండి పట్టీ కుట్టి ఇంకా కొట్టొచ్చినట్టు చేసింది.

పగటిపూట ఆ పావడా బూడిదరంగులో నిర్జీవంగా ఉంటుంది. ఎదురుగా టార్చి పట్టుకుని నిలబడితే మాత్రం, ఆ పట్టుకున్న మనిషి కళ్ల ముందు భగ్గున మండుతుంది.

బాలరాజ్ చేతిలో ఫోను మళ్ళీ కుయ్యిమంది. చూశాడు.

"ఇనూ. 'బాలరాజన్నా, మీ నాయినకు గాజుల సైజెంత?' గిదొకటి. దాని కింద ముప్పై మంది నవ్విండ్రు."

నిన్న సాయంత్రం, సునందకు డిజైను నేర్పే శ్రీదివ్య తన పేజీలో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టింది. ఒకటి గోడ మీదున్న ఈ వేషం. రెండోది సునంద మామగారు చిన్నరాములు ముప్పై అయిదేళ్లనాటి ఫోటో. కళ్లకు కాటుక, నుదుట పాపిటబిళ్ళ, ఇదే ఎర్ర రైక, చేతుల్లో చిరుతలు, అంటే గజ్జెలు అమర్చిన చెక్క తాళాలు. చిరుతల రామాయణంలో సీత. కింద ఆయన పేరు, ఊరు. తెల్లారేసరికి అది వాళ్ల ఊరు కాజీపల్లి కుర్రాళ్ల గ్రూపులో తేలింది.

"పొద్దున గేటుకాడ ఏమన్నరో ఎర్కేనా?" అన్నాడు బాలరాజ్. ఫార్మా కంపెనీకి కాంట్రాక్టు కూలీలను పంపే పని అతనిది. "నలభై మంది లేబర్. నాకు హాజరు చెప్పెటోళ్లు. 'సీతమ్మ కొడుకొచ్చిండు' అన్నరు. ఆ బీహార్ పిలగాడు గూడ నవ్విండు. వానికి తెలుగే రాదు!"

"నవ్వెటోడు నవ్వుతడు. మామ ఏమన్న దొంగతనం జేసిండా? పదిహేనేండ్లు సీత వేషం కట్టిండు. ఊళ్లకూళ్లు గదిలొచ్చి సూశినయి. సూశి ఏడ్చినయట."

"రాత్రి ఏడ్చిండ్రు. తెల్లారి బడికి వోయింది నేను. నువ్వు వోలే."

పద్నాలుగేళ్ల కాపురంలో బడి ముచ్చట అతను ఎత్తడం ఇదే మొదలు.

వంటింటి గుమ్మంలోంచి సంగమ్మ అంది. "మీరు కొట్లాడుకోండ్రి. ఆయన పొద్దుగాల ఆరింటికి వోయిండు. చాయ గూడ తాగలే. ఫోను గీడనే ఉన్నది."

గోడ గడియారంలో పదకొండు దాటింది.

"పోక ఏం జేస్తడు? మొఖం యాడ వెట్టుకుంటడు?" అన్నాడు బాలరాజ్. "నీ వల్లనే గద సునందా. నీ పేరు పేపర్ల రావాలె, నీ బొమ్మ హైదరాబాదుల గోడలకెక్కాలె. దానికి మా నాయిన ఇజ్జత్ దొరికింది నీకు."

"నా పేరు కోసం జేసిననా? ఆయన పేరు గద రాసింది!"

"గదే చెప్తున్న. ఎవలు రాయమన్నరు?" ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ప్రదర్శనకు తీస్కపోనీకె మూడింటికి బండొస్తదన్నవ్ గద. అది ఆ బండెక్కొద్దు. నేను మల్ల వొచ్చేటాలకు గోడ మీద ఉన్నదనుకో, రైక ఊడవీకి బాయిలర్ల ఏస్త."

తలుపు దడాలున మూసుకుంది.

సునంద నిలబడ్డ చోటే కూలబడింది. రైక అన్నాడు. పావడా అనలేదు, అద్దాలు అనలేదు. అప్పుడు గుర్తొచ్చింది. నెల్లాళ్లుగా అది ఆ గోడ మీద ఉంది. బాలరాజ్ ఒక్కసారి కూడా తలెత్తి దాని పైభాగం చూడలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా, కళ్లు పళ్లెంలోనే.

"పెట్టెల చిరుతలు లేవు," అంది సంగమ్మ మెల్లగా.

"ఏందత్తమ్మా?"

"రేకుపెట్టె సూశిన. చిరుతలు పట్కవోయిండు. మనిషి పాణం మీదికి తెచ్చుకునెటట్టైతే చిరుతలెందుకు? గుమ్మడిదలకే వోయుంటడు. భీమశంకరం కాడికి." వంటింట్లోకి తిరిగింది. "నేను రాను. ఆ ఇంటికి నేను వోను."

ఎందుకని అడిగే తీరిక సునందకు లేదు. గోడ మీద దాన్ని అలా వదిలి వెళ్లడానికి గుండె పీకుతోంది. కానీ మనిషి ముందు. స్కూటీ తాళం తీసుకుంది.

*

గుమ్మడిదల దారంతా ట్యాంకర్లే. గాలి ఎటు మళ్లితే అటు కుళ్లిన మందు వాసన. చున్నీ ముక్కుకు కట్టుకుని పోనిచ్చింది సునంద. దారి పొడవునా ఒకటే తలపు. ఆయన కనబడితే ఏమని ఓదార్చాలి? ఎవరేమన్నా తను ఆయన పక్షమే అని చెప్పాలి. ఆ కుర్రాళ్లను ఎలా తిట్టిపోస్తుందో చెప్పాలి.

భీమశంకరం ఇంటి ముందు రేకుల కొట్టం కింద ఇద్దరు ముసలివాళ్లు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు చిరుతల జట్టులో రాముడు భీమశంకరం. ఇప్పుడు చూపు మందగించి, చప్పుడు వచ్చిన దిక్కుకు తల తిప్పుతాడు. పక్కన చిన్నరాములు. ఒళ్లో చిరుతలు. వాటిని వాయించడం లేదు, ఊరికే పట్టుకున్నాడు.

"మామా! ఇంట్ల అందరం పరేషాన్ ఉన్నం."

చిన్నరాములు తలెత్తి చూశాడు. "హెల్మెట్ పెట్టుకోలే?"

"మర్చిపోయిన. మామా, ఆ కుక్కలు మొరిగినయని సిగ్గువడి వొచ్చినవా? వాళ్ల మాటలు నువ్వు పట్టించుకోకు..."

"నాకేం సిగ్గు?" ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. "సీతమ్మ కట్టినోనికి సిగ్గా? కట్టిననాడు ఒక్కపొద్దుండెటోణ్ణి. ఆ రైక తొడిగినంక నన్ను మా మేనమామ గూడ పేరు వెట్టి పిలవలే. 'తల్లీ' అన్నడు. ఫోన్ల నవ్వెటోళ్లు నాకెంత?"

"మరి ఎందుకు వొచ్చినవ్?"

"ఫోటో ఇచ్చెటప్పుడు నన్నడిగినవా?"

సునంద చేతిలోని స్కూటీ తాళం వైపు చూసుకుంది.

"రైక పెట్టెలకెల్లి తీసెటప్పుడు అడిగినవా?"

"మంచిగనే జేస్తున్న గద అనుకున్న. నీ గురించి నల్గురికి తెల్వాలెనని..."

"మంచిదో చెడ్డదో. అడిగినవా?"

దారంతా కూడగట్టుకున్న ఓదార్పు మాటలన్నీ ఎటో పోయాయి. నెల రోజులు ఆయన కళ్లెదుటే ఆ రైకను సూదితో గుచ్చింది. ఆయన మంచం మీంచి చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే అనుకుంది. ఎంత హాయిగా అనుకుంది!

"తప్పైంది మామా," అంది.

భీమశంకరం చేతులు గాలిలో ఊపాడు. "పిల్లనేమనకు రాములూ. మేమైతే ఆ రైకను మట్టిల గలిపినమనుకున్నం. గోడకెక్కించింది, నయం. నాడు సంగమ్మ ఆ దీపం వెట్టి మర్చిపోకుంటే..."

"అత్తమ్మ దీపమా?"

"నీకు జెప్పలేదా బిడ్డా? తెల్లారితే పట్టాభిషేకం ఆట. వేషాల పెట్టెకాడ దీపం వెట్టి మర్చిపోయిందట. అంటుకున్నది. ఆ దినం సంది వీడు కాలికి గజ్జె కట్టలే. జట్టే ఇరిగిపోయింది. సంగమ్మ మల్ల మా ఇంటి గడప దొక్కలే. ముప్పయ్యొక్క ఏండ్లు."

చిన్నరాములు చిరుతలను గట్టిగా పట్టుకున్నాడు. లోపలి గజ్జెలు గలగలమన్నాయి.

"దీపం గాదు శంకరం."

"ఏందీ?"

"గది చెప్పనీకే పొద్దుగాల వొచ్చిన. నోరు రాక గూసున్న." ఆయన కళ్లు నేల మీదే ఉన్నాయి. "ఆ ఫోటోల కాలిన రైక సూశినంక రాత్రంతా నిద్ర వట్టలే. అంత పెద్దగ కనవడ్డది. దీపం గాదు. మా పోరడు. బాలరాజు. చేతుల అగ్గిపెట్టె. నేను కండ్లార సూశిన."

కొట్టం మీది రేకులు ఎండకు చిటపటమన్నాయి.

"పదేండ్లోడు. నిలువెల్ల వణుకుతున్నడు. కొట్టబుద్ధి గాలే. బడిల వాణ్ణి ఏమేం అంటున్నరో నాకు అప్పుడే సమజైంది. ఇంతల సంగమ్మ ఉరికొచ్చింది. 'అయ్యో, నా దీపం' అన్నది." చిన్నరాములు చిరుతలు ఒళ్లోంచి తీసి మంచం మీద పెట్టాడు. "నేను అవునన్న."

సునంద మంచం కోడు పట్టుకుంది.

"అత్తమ్మకు ఇప్పటిదాంక తెల్వదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా ఆయనకు?"

"నేను సూశిన సంగతి వానికి తెల్వదు. ముప్పయ్యొక్క ఏండ్లు వాడు దాచుకున్నడు, నేను దాచిన. పోరగాని మీద పేరు రావద్దనుకున్న, గంతే."

గంతే. ఆ మాట సునంద చెవుల్లో మోగింది. ఆ 'గంతే' కింద ఒక మనిషి ముప్పయ్యొక్క ఏళ్లు నలిగింది. ఇటు తను చూస్తే, భర్త అగ్గిపుల్ల గీసిన చోటు వెతికి పట్టుకుని మరీ, చుట్టూ వెండి అంచు కుట్టి అతని అన్నం పళ్లేనికి ఎదురుగా వేలాడదీసింది.

ఫోను మోగింది. శ్రీదివ్య. ప్లాంటు ఉద్యోగానికి కోనసీమ నుంచి వచ్చి స్థిరపడ్డ కామేశ్వరరావు గారి మనవరాలు. పటాన్‌చెరులో ఆడవాళ్లకు దుస్తుల డిజైను నేర్పుతుంది. సునంద కళను మొదట గుర్తుపట్టింది ఆమే.

"సునంద గారూ, వ్యాను ముందే వచ్చేసిందండి. మీ ఇంటి దగ్గరే ఉన్నాం. మీవారు లోపల గడియ పెట్టేసుకున్నారు. ఎంత పిలిచినా పలకడం లేదు. మీ అత్తగారు మెట్ల మీద కూర్చున్నారు. నాకు భయంగా ఉందండి."

సునంద ఫోను పెట్టేసింది. "మామా, ఇప్పుడడుగుతున్న. అది పోవాల్నా, వద్దా?"

చిన్నరాములు లేచాడు. "నడువు. ఆ మాట ఇంటికాడ చెప్త." రెండడుగులు వేసి ఆగాడు. "సంగమ్మ ముందల దీపం ముచ్చట దియ్యకు."

సునంద స్కూటీ స్టార్ట్ చేసింది.

*

తలుపు లోపలి నుంచి మూసే ఉంది. సంగమ్మ మెట్టు మీద, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని ఉంది. మొగుణ్ణి ఎగాదిగా చూసి, బతికే ఉన్నాడని నిర్ధారించుకుని, చూపు తిప్పేసుకుంది.

"బాలరాజూ, తియ్యి," అన్నాడు చిన్నరాములు.

కాసేపటికి గడియ చప్పుడైంది.

వేషం నేల మీద పరిచి ఉంది. పావడా చెక్కుచెదరలేదు. పైన, ఎద దగ్గర, ఖాళీ. సునంద కుట్లు విప్పే కత్తి పక్కనే పడుంది. రైక బాలరాజ్ చేతిలో ఉంది. కళ్లు ఎర్రబారి ఉన్నాయి.

"చింపలే," అన్నాడు, ఎవరూ అడగకముందే. "ఒక్కొక్క కుట్టు విప్పిన. గంతే."

శ్రీదివ్య గుమ్మంలో తటపటాయించింది. చిన్నరాములు ఆమె వైపు తిరిగాడు. "ఆ ఫోన్లకెల్లి నా ఫోటో తీసెయ్యి బిడ్డా. నా పేరు గూడ."

"అయ్యో, అలాగేనండి. మీకు చెప్పే ఇచ్చారనుకున్నాను..."

"నేను చెప్పలే," అంది సునంద. "తప్పు నాదే."

శ్రీదివ్య అక్కడే నిలబడి తీసేసింది. అయినా గదిలో బిగువు సడలలేదు.

"బొమ్మ పోనియ్యి," అన్నాడు చిన్నరాములు కొడుకుతో. "ఇగ ఫోటో లేదు, పేరు లేదు. రైక ఇచ్చెయ్యి."

"రైక పోవద్దు నాయినా. పావడా తీస్కపోనియ్యి. రైక వద్దు."

"ఎందుకు?"

"కాలింది గనవడ్తది. అందరు సూస్తరు. ఎట్ల కాలిందని అడుగుతరు."

"అడిగితే చెప్పు!" సంగమ్మ మెట్టు మీంచి లేచి లోపలికొచ్చింది. "మా అవ్వ దీపం వెట్టి మర్చిపోయింది, ఆట బంద్ వెట్టించింది అని చెప్పు. నీకెందుకు భయం? ముప్పై ఏండ్ల సంది నేనే మోస్తున్న. ఇంకో నల్గురు అనుకుంటే నాకు కొత్తగ వొచ్చే బరువేంది?"

కొడుక్కి అడ్డం నిలబడి ఆమె అంటోంది. తన వెనక ఉన్న కొడుకు ముఖం ఆమెకు కనబడటం లేదు. సునందకు కనబడింది. పదేళ్ల పిల్లాడి ముఖం అది.

"నువ్వు గాదవ్వా," అన్నాడు బాలరాజ్.

"బాలరాజూ! ఊకో!"

చిన్నరాములు అరిచిన అరుపుకు వాకిట్లో డ్రైవరు కూడా తొంగి చూశాడు. ఆ అరుపే కొంప ముంచింది.

సంగమ్మ మొదట కొడుకును చూసింది. తర్వాత అతని చేతిలోని రైకను చూసింది. చివరికి మొగుడి వైపు తిరిగింది.

"వాడు నువ్వు గాదంటుండు. నువ్వు ఊకొమ్మంటున్నవ్." ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. "నీకు ఎర్కనా?"

"నాయినా, నీకు ఎర్కనా?" అదే ప్రశ్న, ఈసారి కొడుకు గొంతులో.

చిన్నరాములు గోడకు చేయి ఆనించుకున్నాడు. "సూశిన," అన్నాడు. ఆ తర్వాత ఏదో అనబోయాడు. 'పిలగాడు' అన్నాడు, 'తెల్వక జేసిండు' అన్నాడు. ఎవరూ వినడం లేదని తెలిసి ఆగిపోయాడు.

సంగమ్మ ఏడవలేదు. అరుస్తుందని సునంద అనుకుంది, అరవలేదు.

"ఆ దినం సంది నేను దీపం ముట్టలే," అంది. నెమ్మదిగా, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు కాకుండా, తనకు తనే గుర్తు చేసుకుంటున్నట్టు. "పండుగకు గాని పబ్బానికి గాని. కరెంటు వోతే సుత చీకట్లనే గూసున్న. నీ పెండ్లిల దీపం మా చెల్లె వెట్టింది బాలరాజూ. అవ్వవు నువ్వుండంగ ఆమెతోని ఎందుకు వెట్టిపిస్తున్నవని అందరడిగిండ్రు. నా చెయ్యి మంచిది గాదని చెప్పిన."

బాలరాజ్ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అవ్వా, చెప్పుదామనుకున్న. ఎన్నోసార్లు..."

ఆమె వంగి అతని చేతిలోంచి రైక తీసుకుంది. కొడుకు తల మీద చేయి వేయలేదు. అలాగని తోసేయనూ లేదు.

"సునందా, సూదీ దారం తే. ఇది ఎక్కడున్నదో అక్కడ కుట్టు."

సునంద నేల మీద కూర్చుంది. దారం రెండుసార్లు సూది బెజ్జంలోంచి జారింది. మూడోసారి ఎక్కింది. కాలిన అంచు దగ్గరికి వచ్చినప్పుడు చేయి ఆగింది. తలెత్తి మామగారి వైపు చూసింది. ఆయన అవునన్నట్టు కళ్లు వాల్చాడు. భర్త వైపు చూసింది. అతను తలే ఎత్తలేదు. సంగమ్మ మాత్రం పక్కనే నిలబడి, కుట్టు కుట్టునూ చూస్తూ ఉంది.

"గట్టిగ ఎయ్యి," అంది.

శ్రీదివ్య, డ్రైవరు కలిసి దాన్ని దుప్పట్లో చుట్టి వ్యానుకెక్కించారు. వెనక తలుపు పడింది. ఇక బయల్దేరడమే అనుకుంటుండగా, సంగమ్మ చెప్పులు తొడుక్కుని వెళ్లి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"అత్తమ్మా! యాడికి?"

"ఇది యాడికి వోతే గాడికి."

"సంగమ్మా, దిగు," అన్నాడు చిన్నరాములు. గొంతులో దబాయింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. "ఇంట్ల మాట్లాడుకుందం."

ఆమె వినబడనట్టే శ్రీదివ్య వైపు తిరిగింది. "బిడ్డా, అక్కడ దీని పక్కపొంటి కాయితం మీద ఏమో రాసి అతికిస్తరట గద. ఆయన పేరు వద్దన్నడు, రాయకు. ఎట్ల కాలిందో నేను చెప్త. అది రాసుకో."

శ్రీదివ్య బిక్కచచ్చి సునంద వైపు చూసింది. ఏం చెప్పమంటారు అన్నట్టు.

పొద్దున ఇదే ఇంట్లో సునంద, మామ వేషం కట్టిన నిజం నలుగురికీ తెలియాలని ఎంత గట్టిగా వాదించింది! ఇప్పుడా నిజానికి భర్త పేరుంది. అత్త ముప్పయ్యొక్క ఏళ్లు కూడా ఉన్నాయి. ఎవరిని అడగాలి? ఎవరు కాదంటే ఆగాలి?

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

బాలరాజ్ ఇంట్లోంచి ఒక్క ఉదుటున వచ్చి వ్యానుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ బానెట్ మీద ఆనించాడు. వీధి అరుగుల మీద జనం లేచి చూస్తున్నారు. పొద్దున గేటు దగ్గర నవ్విన వాళ్లలో ఇద్దరు ఆ గుంపులో ఉన్నారు.

సంగమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"జరుగన్న జరుగు బిడ్డా," అంది. "లేకుంటే ఎక్కు."

బాలరాజ్ కదల్లేదు.